సీరియళ్లలో చావిల్లు మన చావిల్లులా ఎందుకు ఉండదు?

జేజి మనవరాలు (ప్రొద్దుటూరు)

అందరికీ నమస్కారం. రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా టీవీ ముందు నుంచి లేవని ఇంట్లో పుట్టి పెరిగాను. ఇప్పటికీ చూస్తాను. సీరియళ్లంటేనే చిన్నచూపు ఉన్నవాళ్లు దయచేసి ఈ చర్చ వదిలేయండి. అడగాలనుకున్నది ఇదీ: సీరియల్లో ఇంటి మనిషి పోయినప్పుడు మిగిలినవాళ్లు పడే బాధ మీకు ఎక్కడ నిజమనిపిస్తుంది? ఎక్కడ మనసు ఒప్పుకోదు?

చాలామంది "అన్ని అరుపులెందుకు, చెవులు పోతున్నాయి" అంటారు. అరుపులతో నాకు పేచీ లేదు. మన వైపు ఆడవాళ్లు గొంతెత్తే ఏడుస్తారు. వచ్చిన చుట్టం వీధి మలుపులోనే శోకం మొదలుపెడుతుంది, ఇంట్లోవాళ్లు ఎదురొచ్చి మెడలు కట్టుకుంటారు. కానీ ఆ శోకం నిండా మాటలుంటాయి. మా పక్క ఊళ్లో ఒక పెద్దాయన పోయినప్పుడు ఆయన భార్య ఏడ్చిన ఏడుపు ఇంకా చెవుల్లో ఉంది. "మబ్బున లేచి మడికాడికి పోయేటోనివి, ఈ పొద్దు లేయకుంటివే" అంది. "బ్యాంకు నోటీసొచ్చిన దినం గూడా నాకు చెప్పకుంటివే, ఒక్కనివే మోస్తివే" అంది. "చిన్నదాని పెండ్లికి పట్టుచీర నేనే తెస్తానంటివి, యాడ తెస్తివయ్యా" అంది. అక్కడ కూర్చున్న కొత్తవాళ్లకు కూడా ఆ మనిషి ఎట్లాంటివాడో తెలిసిపోయింది. అప్పు దాచుకున్నాడని, కూతురంటే ప్రాణమని, పని మానడని.

సీరియల్లో ఏముంటుంది? "ఏవండీ" మూడుసార్లు. "నాన్నా" నాలుగుసార్లు. మధ్యలో వయొలిన్. పోయిన మనిషి గురించి ఒక్క ముక్క తెలియదు. ఎవరి శవమైనా అదే ఏడుపు.

పెద్దదినం మరుసటి రోజుకల్లా ఇంట్లో మళ్లీ ఆస్తి కాగితాలు, విషం కలిపిన పాలు. దండ వేసిన ఫొటో మాత్రం గోడకు మిగిలిపోతుంది, దాని ముందు నిలబడి శపథాలు చేయడానికి. మీరేమంటారు?

హంద్రీ గట్టు (కర్నూలు)

అక్కా, మాటల సంగతి తర్వాత. ముందు ఆ చీరలు చూడండి. తెల్లవారుజామున కబురొచ్చిందంటారు, ఆమె మెడలో మాత్రం హారం, చెవులకు బుట్టలు, కంటి కాటుక చెక్కుచెదరదు. మా ఇంట్లో తాత పోయినప్పుడు మా అమ్మ రెండు కాళ్లకు రెండు రకాల చెప్పులు వేసుకుని పరిగెత్తింది. సాయంత్రం దాకా ఎవరూ చూసుకోలేదు. ఇట్లాంటిది ఒక్కటి చూపిస్తే చాలు, డైలాగ్ కూడా అక్కర్లేదు.

సప్తగిరి సర్కిల్ (అనంతపురం)

చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. కానీ తీసేవాళ్ల వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. వారానికి ఐదారు రోజులు ప్రసారం. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా ఇరవై, ఇరవై రెండు నిమిషాల కథ. గురువారం వచ్చే రేటింగ్ చూసి వచ్చే వారం కథ మలుపు తిరుగుతుంది. ఈ పరుగులో ఒక మనిషి లేని లోటును నెమ్మదిగా చూపించండి అంటే చానెల్ వాళ్లు వింటారా? పైగా చాలా చావులు కథ కోసం రావు. నటుడికి డేట్స్ కుదరవు, లేదా వేరే సీరియల్‌కు వెళ్లిపోతాడు. పాత్రను చంపేస్తారు, లేకపోతే కొత్త మొహం పెడతారు. అట్లా వచ్చిన చావుకు రచయిత మనసులో ఏడుపు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకోటి. ఇంట్లో పది పాత్రలుంటే పదిమంది మొహాలూ చూపించాలి. ఒక్కొక్కరి మీదికి మూడుసార్లు కెమెరా వెళ్లి వస్తే సగం ఎపిసోడ్ అయిపోతుంది. మాటలకు చోటెక్కడిది?

జేజి మనవరాలు (ప్రొద్దుటూరు)

చోటు లేక కాదన్నా. అత్తాకోడళ్లు కాఫీ గ్లాసు గురించి రెండు ఎపిసోడ్లు మాట్లాడుకుంటారు, దానికి చోటుంది కదా?

డబ్బింగ్ గొంతు (కర్నూలు, ఇప్పుడు హైదరాబాద్)

ఈ చర్చ చదివి ఊరికే పోలేకపోయాను. నేను సీరియళ్లకు డబ్బింగ్ చెప్తాను. ఏ సీరియల్ అని అడగవద్దు.

మన సీరియళ్లలో హీరోయిన్లు చాలామంది కన్నడ, మలయాళం వాళ్లు. మొహం వాళ్లది, గొంతు మాది. షూటింగ్‌లో వాళ్లు గ్లిజరిన్ వేసుకుని, పక్క నుంచి ఎవరో చదివి వినిపించే తెలుగు మాటలకు పెదవులు కదుపుతారు. తర్వాత చీకటి గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నేను ఏడవాలి. కాగితం మీద డైలాగ్ ఉన్నచోట మాటలుంటాయి. శవం దగ్గర సీన్లో చాలాసార్లు "ఏడుపు" అని ఒక్క ముక్క రాసి ఉంటుంది, అంతే. ఎంతసేపు పెదవులు కదిలితే అంతసేపు నేను "ఏవండీ" అని నింపుతాను. నాకు తెలుసు అది ఖాళీ అని. మా అవ్వ ఊళ్లో శోకాలు విని పెరిగినదాన్ని నేను.

ఒకసారి నేనే సొంతంగా "ఇంత అన్నం తిని పోకుంటివా" అని కలిపాను. పెదవులకు సరిపోయింది, ఇంజనీరు కూడా తల ఊపాడు. పైనుంచి చెప్పారు, యాస వద్దు, మామూలుగా ఏడవమని. ఈ మామూలు ఏడుపు ఏ ఊరిదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

గుత్తి కోట (అనంతపురం జిల్లా)

మేడమ్, మీ పోస్ట్ మా ఆవిడకు చదివి వినిపించాను. "ఆ ఒక్క మాట ఉంచి ఉంటే నేను ఆ సీరియల్ వదిలేదాన్ని కాదు" అంది.

కాటిసీను (కడప జిల్లా, చక్రాయపేట వైపు)

నేను పెద్దవాణ్ణి. టీవీ రాకముందు నాటకాలు చూసినవాణ్ణి. అమ్మాయి మొదటి పోస్టులో చెప్పిన మాట నాకు బాగా తగిలింది. మాటల్లేని ఏడుపు తెలుగు రంగస్థలానికి ఎప్పుడూ లేదు.

మా చక్రాయపేట మండలంలోనే సురభి గ్రామం ఉంది. 1885లో అక్కడ కీచకవధ ఆడారు, సురభి నాటక సమాజం పుట్టింది. అప్పట్లో మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో సురభిలో ఆడవాళ్లు రంగం మీదికి వచ్చారు. ఇక హరిశ్చంద్ర నాటకం సంగతి చెప్పక్కర్లేదు. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవగారు వృత్తికి లాయరు, హరిశ్చంద్రుడి వేషంలో ఎంతో పేరు తెచ్చుకున్నారు. జాతరల్లో తెల్లవార్లూ నాటకం ఆడితే జనం నిద్ర ఆపుకుని కాచుకునేది కాటిసీను కోసమే.

అందులో చంద్రమతి ఏం చేస్తుంది? దర్భలకు పోయిన లోహితుడు పాము కరిచి పోయాడు. కొడుకు శవాన్ని భుజాన వేసుకుని రాత్రిపూట శ్మశానానికి వస్తుంది. ఊరికే గుండెలు బాదుకోదు. కొడుకుతో మాట్లాడుతుంది. రాజుగారి బిడ్డ దర్భలు కోయడానికి ఎందుకు పోవాల్సి వచ్చిందో, తల్లి దాసీగా ఎట్లా బతుకుతుందో ఆ దుఃఖంలోనే చెబుతుంది. ఇంతలో కాటికాపరి వచ్చి సుంకం అడుగుతాడు. అతను మొగుడే. డబ్బు లేదంటుంది. మెడలో తాళి ఉంది కదా అంటాడు. ఆ తాళి మాట దగ్గర ఒకరినొకరు గుర్తుపడతారు. ఏడుపులోనే కథ ముందుకు నడిచింది చూశారా? చావింట్లో కూడా లెక్కలు, బాకీలు, అడ్డుపడే మనుషులు ఉంటారు. మన పాత నాటకం అది దాచలేదు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలవాళ్లు లక్ష్మణ మూర్ఛ ఆడేటప్పుడు కూడా అంతే. బొమ్మ మొహం కదలదు, కన్నీళ్లు రావు. రాముడి బాధంతా వెనక పాడేవాడి గొంతులో, మాటలో రావాలి. వచ్చేది. చూసేవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. మొహం కదలని బొమ్మతో అంత చేయగలిగినప్పుడు, ఇన్ని కెమెరాలు పెట్టుకుని ఎందుకు చేయలేరు?

హంద్రీ గట్టు (కర్నూలు)

పెద్దాయనా, మీ పోస్ట్ దాచుకున్నాను. కాటిసీనులో సుంకం అడిగే భాగం గురించి ఇట్లా ఎప్పుడూ ఆలోచించలేదు.

రోజాపూల గల్లీ (కర్నూలు)

ఒక్కటి నేను వేరేగా చెప్పాలి. మా ఇళ్లలో గొంతెత్తి శోకం పెట్టడం, జుట్టు పీక్కోవడం, గుండెలు బాదుకోవడం వద్దంటారు. కన్నీళ్లకు అడ్డులేదు. మా అబ్బాజాన్ పోయినప్పుడు ఇల్లంతా మనుషులే, చప్పుడు మాత్రం ఖురాన్ చదివే గొంతులదే. మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చాలీస్వా. అమ్మ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉంది, భర్త పోయిన ఆడవాళ్లు పాటించే గడువు అది. ఆ రోజుల్లో వచ్చి పోయే ఆడవాళ్లు అమ్మ పక్కన కూర్చునేవాళ్లు. కొందరు ఏమీ మాట్లాడేవాళ్లు కాదు. అమ్మ మాత్రం నాన్న వేసుకునే అత్తరు సీసా మూత తీసి చూసి మళ్లీ పెట్టేసేది. అది కూడా ఏడుపే కదా?

సీరియల్లో మా ఇళ్లలో చావు దాదాపు రాదు. వచ్చినా ఒక్క "యా అల్లా" అని అరుపు, అయిపోయింది. కాబట్టి అక్కా, ఏడుపులో మాటలుండాలి అన్నది అన్ని ఇళ్లకూ కుదరదు. ఆ మనిషికి, ఆ ఇంటికి తగ్గట్టు ఉండాలి అనండి, ఒప్పుకుంటాను.

జేజి మనవరాలు (ప్రొద్దుటూరు)

చెల్లీ, అత్తరు సీసా మాట చదివాక ఇంకేం చెప్పను. నేను అడిగేది కూడా అదే. ఆ సీసా చూస్తే మీ నాన్నగారు ఎట్లా ఉండేవారో తెలుస్తోంది. సీరియల్లో అట్లా తెలిసే వస్తువు కూడా ఉండదు, మాటా ఉండదు.

ధర్మవరం మగ్గం (ధర్మవరం)

మగవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. సీరియల్లో హీరో ఏడవడు. పిడికిలి బిగిస్తాడు, కళ్లు ఎర్రబడతాయి, చితి ముందు ఎవడో ఒకడి అంతు చూస్తానంటాడు. మాకు అంతు చూడాల్సినవాళ్లు ఎవరూ లేరు. అమ్మకు షుగర్, కిడ్నీలు పోయాయి, చనిపోయింది.

మాది పట్టు మగ్గం. నేతకు దారం చుట్టిపెట్టుకునే కండెలుంటాయి, అవి చుట్టేది అమ్మే. చూపు తగ్గాక కూడా వేళ్లతోనే పోగు పట్టుకునేది. కర్మలయ్యేదాకా మగ్గం ఎక్కలేదు. చీర సగంలో ఉంది, షావుకారు ఫోన్ చేస్తున్నాడు. మళ్లీ కూర్చున్న రోజు బుట్టలో చూస్తే అమ్మ చుట్టిపెట్టిన కండెలు ఉన్నాయి. ఒక్కొక్కటి నాడెలో పెట్టి నేస్తున్నా, అవి తగ్గిపోతున్నాయి. ఒకటి తీసి పక్కన పెట్టుకుందామా అనిపించింది. రంగు చాలక చీర ఆగిపోతుందని అది కూడా నేసేశాను. ఆ చీర ఎవరు కట్టుకున్నారో తెలియదు.

ఏడుపు నాకు అప్పుడు వచ్చింది, పాడె మోసేటప్పుడు రాలేదు. మన సీరియళ్లలో హీరోలు ఏం పని చేస్తారో ఎవరికీ సరిగా తెలియదు. కోటు వేసుకుని కంపెనీకి వెళ్తారు, అంతే. పని చూపిస్తే కదా, చావు తర్వాత పనిలో కూర్చోవడం ఎంత కష్టమో చూపించడానికి.

కాటిసీను (కడప జిల్లా)

నాయనా, నువ్వు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. బాగుండు.

సీమకోడలు (అనంతపురం)

నాది గుంటూరు వైపు, ఇక్కడికి కోడలిగా వచ్చాను. నాకు కోపం తెప్పించేది ఒకటే, గాజులు పగలగొట్టే సీన్. నెమ్మదిగా, ఒక్కో గాజూ, పక్క నుంచి గాలి, ఉరుము. బొట్టు చెరిపేటప్పుడు కెమెరా నుదుటి మీదే ఉంటుంది. ఆ బాధను చూపించి ఇది తప్పని చెప్తే సరే. అట్లా చెప్పరు. ఆమె తెల్లచీర కట్టుకుంటుంది, శుభకార్యానికి ఎదురొస్తే తిడతారు, ఆమె తలదించుకుంటుంది, మనం జాలిపడాలి. 1881లోనే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు వితంతు వివాహం జరిపించారు. నూట నలభై ఏళ్లు దాటింది.

మా ఇంట్లో మామగారు పోయినప్పుడు మా ఆడబిడ్డ అడ్డం నిలబడింది. "మా అమ్మ గాజుల మీద ఎవరూ చెయ్యి వేయద్దు" అంది. ఊరి పెద్దముత్తైదువలు గొణిగారు, ఇద్దరు భోజనం చేయకుండా వెళ్లిపోయారు. అత్తగారు ఇప్పటికీ బొట్టు పెట్టుకుంటారు. ఆ రోజు ఆ గదిలో జరిగిన గొడవ ఏ సీరియల్ గొడవకూ తీసిపోదు. కన్నీళ్లున్నాయి, మాటలున్నాయి, ఎవరు ఎటో తేలిపోయింది. ఇట్లాంటిది రాస్తే రేటింగ్ రాదని ఎవరు చెప్పారు?

సప్తగిరి సర్కిల్ (అనంతపురం)

ఇది నిజంగా రాయదగ్గ ఎపిసోడ్ వదినా. నేను ముందు చెప్పిన రేటింగ్ మాట దీనికి వర్తించదు.

ఎర్రమల (కర్నూలు జిల్లా)

మా అవ్వ ఒక రూల్ చెప్తుంది: శవం మొహం చూపించలేదంటే మనిషి బతికే ఉన్నట్టు. అందుకే ఆమె ఏ చావుకూ ఏడవదు. మొహం చూపించాకే కొంగు తీస్తుంది.

జేజి మనవరాలు (ప్రొద్దుటూరు)

ఎర్రమల గారూ, మీ అవ్వ చెప్పింది చాలా పెద్ద సంగతి. కార్తీకదీపం అందరికీ గుర్తుండే ఉంటుంది. 2017లో మొదలైనప్పటి నుంచి మా వీధి వీధంతా చూసింది. 2022లో హీరో డాక్టర్ బాబు, హీరోయిన్ వంటలక్క ప్రమాదంలో పోయినట్టు చూపించి, పిల్లలు పెద్దవాళ్లైన కథ నడిపారు. మా అత్త నిజంగానే అన్నం సరిగా తినలేదు. అదే ఏడాది ఇద్దరినీ వెనక్కి తెచ్చారు. మా అత్త సంతోషపడింది, నేనూ పడ్డాను. కానీ ఆ తర్వాత ఏ సీరియల్లో ఎవరు పోయినా మా ఇంట్లో ఎవరూ కదలడం లేదు. హిందీలో 2000లో మొదలైన 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ'లో, అదే తులసి, ఆమె భర్త మిహిర్‌ల సీరియల్లో కూడా ఇంతే జరిగింది. మిహిర్‌ను చంపేస్తే జనం ఊరుకోలేదు, తిరిగి తెచ్చారు. చూసేవాళ్ల ప్రేమ గొప్పదే. అయితే పోయినవాళ్లు తిరిగి వస్తారని అలవాటు చేశాక, పాత్రల దుఃఖాన్ని ఎవరు నమ్ముతారు?

వార్డు డ్యూటీ (కడప)

నర్సుగా చాలా ఏళ్లు చేశాను, ఇప్పుడు మానసిక ఆరోగ్య విభాగంలో ఉన్నాను. సీరియళ్ల వల్ల జనంలో పాతుకుపోయిన రెండు మూడు నమ్మకాల గురించి చెప్పాలి.

మొదటిది, ఏడవని మనిషిని ఏడిపించడం. సీరియల్లో భార్య రాయిలా కూర్చుంటుంది. డాక్టరు వచ్చి "ఈమె ఏడవకపోతే ప్రాణానికే ప్రమాదం" అంటాడు. ఎవరో ఒకరు చెంప మీద కొడతారు, శవం మొహం పట్టుకుని చూపిస్తారు, ఆమె భోరుమంటుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఇది చూసి నిజంగా ఇళ్లలో చేస్తున్నారు. దయచేసి చేయవద్దు. కొందరికి కన్నీళ్లు వెంటనే రావు. కొందరికి నెలల తర్వాత వస్తాయి, కొందరికి రానే రావు. దానర్థం ప్రేమ లేదని కాదు, జబ్బు అని కూడా కాదు. మగ్గం తమ్ముడు రాసింది చూడండి.

రెండోది, దుఃఖానికి ఐదు మెట్లు అని యూట్యూబ్‌లో తెగ చెప్తారు. ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే డాక్టరు 1969లో రాసినది అది. ఆమె ముఖ్యంగా గమనించింది తామే చావుకు దగ్గరైన రోగులను. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఈ మెట్లు వరుసగా ఎక్కాలని ఏమీ లేదు. 1999లో ష్ట్రోబె, షూట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పింది నేను వార్డులో చూసినదానికి దగ్గరగా ఉంటుంది. మనిషి కాసేపు దుఃఖంలోకి వెళ్తాడు, కాసేపు పిల్లల ఫీజు, గ్యాస్ బండ, ఆఫీసు పనిలోకి వస్తాడు, మళ్లీ వెళ్తాడు. రోజులో ఎన్నిసార్లో. పెద్దదినం నాడు వంట దగ్గర ఎవరో ఏదో అంటే నవ్వు వస్తుంది, వెంటనే తప్పు చేసినట్టు అనిపిస్తుంది. అది తప్పు కాదు. సీరియల్లో చావింట్లో నవ్వేది విలన్ ఒక్కడే కాబట్టి, నిజంగా నవ్వు వచ్చినవాళ్లు తమను తామే తిట్టుకుంటున్నారు.

ఎప్పుడు సాయం తీసుకోవాలి అని అడుగుతారు. ఆరు నెలలు దాటినా ఆ మనిషి ధ్యాస తప్ప ఇంకేదీ లేకుండా, తినడం, పని, మనుషులతో మాట్లాడటం అన్నీ ఆగిపోయి ఉంటే చూపించుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల పట్టికలో దీన్ని చేర్చారు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఆరు నెలలు ఆగొద్దు, అదే రోజు ఎవరికైనా చెప్పండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416, ఎప్పుడైనా ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులో కూడా.

పిల్లల విషయం కూడా. "నాన్న ఊరికెళ్లాడు" అని సీరియల్లో చెప్తారు, పిల్ల గేటు దగ్గర ఎదురుచూస్తుంది, మనం ఏడుస్తాం. మీ ఇంట్లో అట్లా చెప్పకండి. చనిపోయాడు, ఇక రాడు, నీ తప్పు ఏమీ లేదు, మేమున్నాం అని చెప్పండి. పిల్లలు మనం అనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకుంటారు.

పెన్నా దాటిన వాడు (లండన్, సొంతూరు కడప జిల్లా)

ఇక్కడ ఈస్టెండర్స్ అని బీబీసీలో 1985 నుంచి నడుస్తున్న సీరియల్ ఉంది. మా ఇంటి ఓనరమ్మ చూస్తుంటే నేనూ అలవాటు పడ్డాను. అందులో దుఃఖాన్ని తప్పుగా చూపించి దెబ్బతిన్న కథ ఒకటి అందరూ చెప్తారు. 2010 డిసెంబరు 31 రాత్రి ఎపిసోడ్లో ఒక తల్లి పసిబిడ్డ నిద్రలోనే చనిపోతాడు. ఆమె ఆ శవాన్ని పక్కింటివాళ్ల ఉయ్యాలలో పెట్టి వాళ్ల బిడ్డను ఎత్తుకొస్తుంది. వేల ఫిర్యాదులు వచ్చాయి. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు "మా దుఃఖాన్ని నేరంగా చూపిస్తారా" అన్నారు. చివరికి అనుకున్నదానికంటే ముందే ఆ కథ ముగించారు.

అదే సీరియల్లో డాట్ అనే ముసలమ్మ పాత్ర ఉంది. వేసిన జూన్ బ్రౌన్ గారు 2022 ఏప్రిల్‌లో పోయారు. డిసెంబరులో ఆ పాత్రకు అంత్యక్రియలు చూపించారు, ఎప్పుడో మానేసిన పాత నటులు కూడా వచ్చారు. మా ఓనరమ్మ ఆ రోజు ఫోన్ కూడా ఎత్తలేదు. ముప్పై ఏడేళ్లుగా తెలిసిన మనిషి కదా. మనవాళ్లు కూడా ఫిర్యాదు చేయాలి, రాయాలి. ఇంట్లో తిట్టుకుంటే చానెల్‌కు వినపడదు.

టవర్‌క్లాక్ (అనంతపురం)

అన్నీ చదివాను. నేను కొంచెం వేరే సంగతి చెప్తాను, రాయడానికి ధైర్యం తెచ్చుకుంటున్నాను.

2021 మేలో మా అమ్మ కోవిడ్‌తో పోయింది. మూటలా కట్టి ఇచ్చారు, మొహం చూడలేదు. మెడ కట్టుకుని ఏడవడానికి ఎవరూ రాలేదు, రానివ్వలేదు. మేము కూడా పాజిటివే. వీధిలోవాళ్లు అన్నం గేటు బయట పెట్టి వెళ్లేవాళ్లు, అది మర్చిపోలేను. నాన్న ముందు ఏడవకూడదని బిగబట్టుకున్నాను.

చాలా నెలల తర్వాత ఒక రాత్రి ఏదో సీరియల్లో తల్లి పాత్ర పోయింది. మీరు చెప్పినట్టే ఉంది. వయొలిన్, నగలు, "అమ్మా" అని నాలుగుసార్లు. మంచి సీన్ అని నేను అనను. కానీ ఆ "అమ్మా" అనే పిలుపుకు నేను పగిలిపోయాను. నాన్న కూడా పక్కనే ఉన్నారు. ఇద్దరం టీవీ వైపు చూస్తూనే ఏడ్చాం. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. సీరియల్ కోసమే ఏడుస్తున్నట్టు ఉండిపోయాం. ఆ తర్వాత నాన్న మొదటిసారి అమ్మ పేరు ఎత్తి మాట్లాడారు.

కాబట్టి ఆ ఖాళీ ఏడుపును పూర్తిగా కొట్టిపారేయలేను. ఖాళీగా ఉంది కాబట్టే మా అమ్మ అందులో పట్టిందేమో.

డబ్బింగ్ గొంతు (కర్నూలు, ఇప్పుడు హైదరాబాద్)

తమ్ముడూ, ఆ గొంతు నాదో, నాతోటి వాళ్లదో. స్టూడియోలో ఏడ్చేటప్పుడు అవతల ఎవరు వింటారో మాకు తెలియదు. రేపు మైక్ ముందు నిలబడినప్పుడు మీ నాన్నగారు గుర్తొస్తారు.

రోజాపూల గల్లీ (కర్నూలు)

అల్లా మీ అమ్మగారికి మంచి చోటు ఇవ్వాలి తమ్ముడూ.

వేదిక నిర్వాహకులు

వితంతు ఆచారాల మీద వస్తున్న పోస్టులకు వేరే చర్చ తెరిచాం, అక్కడ కొనసాగించండి. సీమకోడలు గారి పోస్ట్ రెండు చోట్లా ఉంటుంది. వార్డు డ్యూటీ గారు ఇచ్చిన 14416 నంబరును పేజీ పైన పెట్టాం.

జేజి మనవరాలు (ప్రొద్దుటూరు)

టవర్‌క్లాక్ తమ్ముడు చెప్పింది కాదనలేను. ఏడుపుకు తోడు దొరకడం చిన్న విషయం కాదు, అందులో సీరియల్‌కు పుణ్యమే. అయినా నా కోరిక వదులుకోను. అన్నం మెతుకు లేని రోజు గంజి ప్రాణం నిలబెడుతుంది, రోజూ గంజే పోస్తామంటే ఒప్పుకోలేం కదా.

నేను చూడాలనుకునేవి చెప్తాను. చావు తర్వాత మూడో నెల చూపించండి. చుట్టాలంతా వెళ్లిపోయి ఉంటారు. భార్య సచివాలయానికి మరణ ధ్రువపత్రం కోసం వెళ్తుంది. 21 రోజుల్లోపు నమోదు చేయించాలని ఆ హడావుడిలో ఎవరికీ గుర్తుండదు, ఆలస్యానికి కారణం చెప్పమంటారు. "మీరు ఆయనకు ఏమవుతారు" అని కౌంటర్లో పిల్ల అడుగుతుంది. రేషన్ కార్డులో పేరు తీసేయాలి. బ్యాంకులో ఆయన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, ఆ ఫోన్ ఎవరి దగ్గరుందో వెతకాలి. గ్యాస్ బండ ఆయన పేరు మీదే ఉంటుంది, బుక్ చేసినప్పుడల్లా ఆయన పేరుతో మెసేజ్ వస్తుంది. మన ఆడవాళ్లు నిజంగా కూలబడేది ఇట్లాంటి చోట్లే. విలన్ అక్కర్లేదు. ఆస్తి కాగితాల మీద దొంగ సంతకాలు ఇన్నేళ్లు చూపించారు, ఒక్కసారి మరణ ధ్రువపత్రం కాగితం చూపించండి.

ధర్మవరం మగ్గం (ధర్మవరం)

పింఛన్ కూడా కలపండక్కా. అమ్మ పింఛన్ ఇవ్వడానికి ఒకటో తారీఖు ఇంటికి వచ్చిన అతనికి సంగతి తెలియదు. గడపలో నిలబడి అమ్మను పిలిచాడు.

డబ్బింగ్ గొంతు (కర్నూలు, ఇప్పుడు హైదరాబాద్)

అందరికీ ఒక మాట. ఈ చర్చ మొత్తం మా సీరియల్ మాటల రచయితకు పంపాను. ఆయనది కూడా సీమే. చదివి ఫోన్ చేశారు. వచ్చే వారం ఒక చావు సీన్ ఉంది, కోడలు పోతుంది, అత్త ఏడవాలి. నాలుగు వాక్యాలు ఇవ్వండి, డైరెక్టర్‌తో మాట్లాడి పెట్టే ప్రయత్నం చేస్తానన్నారు. పెడతారని మాట ఇవ్వలేను. జేజి మనవరాలు గారూ, రాసిస్తారా?

జేజి మనవరాలు (ప్రొద్దుటూరు)

తప్పకుండా రాస్తాను. కానీ ముందు నాకు కొన్ని చెప్పాలి. ఆ కోడలు ఏ ఊరి పిల్ల? పెళ్లై ఎన్నేళ్లయింది? అత్తకు ఏం చేసి పెట్టేది? ఇద్దరికీ దేని మీద గొడవ వచ్చేది? పోయే రోజు పొద్దున ఆఖరి మాట ఏమనుకున్నారు? ఇవి తెలియకుండా శోకం రాదు.

డబ్బింగ్ గొంతు (కర్నూలు, ఇప్పుడు హైదరాబాద్)

అడిగాను. నాలుగు వందల ఎపిసోడ్లు అయ్యాయి, ఆమె పుట్టిల్లు ఏ ఊరో కథలో ఎక్కడా లేదట. అత్తకు ఏం వండి పెట్టేదో కూడా లేదు. గొడవలు మాత్రం ఉన్నాయి, అవన్నీ ఆస్తి గురించి. రచయిత కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీరే ఏదో ఒక ఊరు పెట్టండి, నేను వెనక ఎపిసోడ్లకు అడ్డు రాకుండా చూసుకుంటాను" అన్నారు.

సీమకోడలు (అనంతపురం)

తాడిపత్రి పెట్టండి.

కాటిసీను (కడప జిల్లా)

జమ్మలమడుగు పెట్టండమ్మా, పిలవడానికి బాగుంటుంది.

జేజి మనవరాలు (ప్రొద్దుటూరు)

జమ్మలమడుగే పెడదాం పెద్దాయనా. ఆ పిల్ల అత్తకు రోజూ కాళ్లకు నూనె రాసేది, కొర్రన్నం చేస్తే మెత్తగా చేయలేదని తిట్లు తినేది అనుకుందాం. మేడమ్, పెదవులు ఎంతసేపు కదులుతాయో సెకన్లు చెప్పండి, రేపు సాయంత్రానికి పంపుతాను. యాస తీసేయమంటే మాత్రం ఒకసారి గట్టిగా వద్దని చెప్పి చూడండి.